పచ్చిక కింద బాకీ

మొన్న ఫిబ్రవరిలో నాన్న ఫోన్ చేసి, "ఒరే, మన డంపింగ్ యార్డు పార్కయిపోయింది" అన్నాడు. మనవడు పుట్టాడని చెప్పేటప్పుడు ఉండేంత సంబరం ఉంది ఆ గొంతులో. వాకింగ్ ట్రాక్ వేశారట. వాలీబాల్ కోర్టు, కబడ్డీ కోర్టు, చిన్నపిల్లలకి జారుడుబండ, ఉయ్యాలలు. చుట్టూ కానుగ మొక్కలు. ఇక మిగిలిందల్లా ఓపెన్ జిమ్. దానికి మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. వాకర్స్ అసోసియేషన్ వాళ్ళు చందాలు పోగుచేస్తున్నారు. ఆ అసోసియేషన్‌కి కోశాధికారి మా నాన్నే. "నీ పేరున యాభై వేలు రాశాను" అన్నాడు. అడగలేదు, చెప్పాడు.

"కింద ఉన్నదాన్ని ఏం చేశారు నాన్నా?" అన్నాను.

"ఏముంది, మట్టి పోశారు."

"ఎంత మట్టి?"

"ఏమో, బోలెడన్ని టిప్పర్లు తోలారు. నీకెందుకవన్నీ?"

నాకెందుకో అప్పుడు చెప్పలేకపోయాను. తర్వాత నెలరోజులు అదే ఆలోచిస్తూ ఉన్నాను. ఆ ఆలోచనలే ఇక్కడ రాస్తున్నా. తేలిన విషయం పెద్దగా లేదని ముందే చెప్పేస్తే నయం.

ఆ యార్డు సంగతి చెప్పాలి. ఊరి పేరు రాయను, రాస్తే నాన్నకి ఇబ్బంది. కోస్తాలో ఒక మోస్తరు మునిసిపాలిటీ. రైల్వే గేటు దాటి కాలవ వంతెన ఎక్కి దిగితే ఎడమచేతి వైపు ఏడెనిమిది ఎకరాల పల్లం. నాకు ఊహ తెలిసేసరికే ఊరి చెత్తంతా అందులో పోస్తున్నారు. ట్రాక్టరు వస్తే చాలు, కుక్కలూ పందులూ కొంగలూ దానికి ఎదురెళ్ళేవి. ఒకవైపు కుప్ప బాగా అణిగి చదునుగా తయారైంది. అదే మా క్రికెట్ గ్రౌండు. ఊళ్ళో ఉన్నది ఒక్కటే మైదానం, హైస్కూలుది. అది పెద్ద కుర్రాళ్ళ సొంతం, మమ్మల్ని గేటు దాటనిచ్చేవాళ్ళు కాదు.

మా గ్రౌండుకి మా రూల్సు ఉండేవి. పొగ లేచే చోటికి బంతి పోతే రెండు పరుగులు డిక్లేర్. ఎందుకంటే తెచ్చేవాడు ఉండడు. వేసవిలో ఎవరూ అంటించకుండానే ఆ పొగ లేచేది. లోపల ఏదో కాలుతోందని తెలుసు, ఎందుకు కాలుతోందో తెలీదు. మాతో ఒక కుర్రాడు ఫీల్డింగ్ చేసేవాడు. భుజాన గోనెసంచి, చేతిలో వంకర ఇనప చువ్వ. సంచి పక్కన పెట్టి కాసేపు ఆడి మళ్ళీ ఏరుకోవడానికి పోయేవాడు. వాడికి ఒక్కసారైనా బ్యాటింగ్ ఇచ్చినట్టు నాకు గుర్తులేదు. కానీ ఆ నేల గురించి మా అందరికంటే వాడికే ఎక్కువ తెలుసు. "అటెళ్ళొద్దు, కాలుద్ది" అనేవాడు. "ఇక్కడ గుల్లగా ఉంది, దిగబడతారు" అనేవాడు. వాడు చెప్పిన చోట నిజంగానే కాలేది, నిజంగానే దిగబడేది.

ఏడో తరగతిలో ఉండగా నా ఎడమ అరికాల్లో గాజుపెంకు దిగింది. బయటికి లాగింది ఆ కుర్రాడే. మూడు కుట్లు, ఒక టీటీ ఇంజెక్షన్, ఇంటికెళ్ళాక అమ్మ చేతి దెబ్బలు. మచ్చ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నేనుండేది కాలిఫోర్నియాలో, మౌంటెన్ వ్యూలో. గూగుల్ ఆఫీసులు దాటి సముద్రపు పాయ వైపు పోతే షోర్‌లైన్ అనే పెద్ద పార్కు వస్తుంది. గుట్టలు, చెరువు, గోల్ఫ్ కోర్సు, ఆట మైదానాలు, గాలిపటాలు ఎగరేసుకునే చోటు. శని, ఆదివారాల్లో అక్కడ వినిపించే భాషల్లో తెలుగుది తక్కువ స్థానమేం కాదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలని మేమంతా తప్పకుండా తీసుకెళ్ళే చోట్లలో అదొకటి. మా నాన్న కూడా వచ్చినప్పుడు అక్కడ రోజూ నడిచాడు, "గాలి ఎంత శుభ్రంగా ఉందిరా" అని మెచ్చుకున్నాడు.

ఆయన నడిచిన గుట్టలు చెత్తకుప్పలు. నాకూ మూడేళ్ళదాకా తెలీదు. ఒకరోజు గడ్డి మధ్యలో పొట్టి గొట్టం, దాని తలకాయ మీద మూత, పక్కన కవాటం కనిపిస్తే ఇదేమిటని వెతికి తెలుసుకున్నాను. అదంతా ఒకప్పుడు వరద నీళ్ళు నిలిచే పల్లపు నేల. దాన్ని ఎత్తు చెయ్యాలంటే చాలా మట్టి కావాలి, మట్టికి డబ్బు కావాలి. అటు శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికేమో చెత్త పోసుకోవడానికి చోటు లేదు. డబ్బిచ్చి మరీ తన చెత్తని ఇక్కడ పోయించింది. 1970ల్లో ఆ చెత్తతోనే నేల లేచింది, ఆ డబ్బుతోనే పార్కుకి దారి పడింది. 1983లో పార్కు తెరిచారు. ఇంజనీరుగా చెప్పాలంటే ముచ్చటైన లెక్క.

మూడేళ్ళకి ఆ లెక్కలో వదిలేసిన అంకె బయటపడింది. 1986లో అక్కడే పెద్ద సంగీత వేదిక కట్టారు, షోర్‌లైన్ యాంఫీథియేటర్ అని. జనం పచ్చిక మీద కూర్చుని పాట వినే ఏర్పాటు. మొదటి ఏడాది కచేరీల్లోనే ప్రేక్షకులు లైటర్లు వెలిగిస్తే నేలమీద మంటలు లేచాయి. ఒకసారి కాదు, చాలాసార్లు. పచ్చిక కింద నుంచి మిథేన్ వస్తోంది. మొదట్లో అధికారులు దాన్ని చిన్న విషయంగానే చూశారు. చివరికి పచ్చికంతా పెళ్ళగించి, కింద బంకమట్టి పొర వేసి, గ్యాస్‌ని లాగేసే గొట్టాలు అమర్చి, మళ్ళీ పచ్చిక పరిచారు.

అది చదివాక చిన్నప్పటి పొగ అర్థమైంది. చెత్తలో ఉన్న కూరగాయల తుక్కు, కాగితం, ఆకూ అలమూ గాలి తగలకుండా కుళ్ళితే వచ్చే వాయువులో సుమారు సగం మిథేన్, మిగతాది దాదాపుగా బొగ్గుపులుసు వాయువు. మిథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. అది ఎటు సందు దొరికితే అటు పోతుంది. పైన గట్టిగా మూస్తే పక్కకి పాకుతుంది, పక్కింటి పునాదిలోకైనా. ఇక వాన నీళ్ళు చెత్తలోంచి దిగి నల్లటి ఊటగా కిందికి చేరతాయి, భూగర్భజలంలోకి. నేల కూడా ఒక్కలా దిగదు, ఒకచోట జానెడు కుంగితే పక్కన మూరెడు కుంగుతుంది. కుంగిన చోట నీళ్ళు నిలుస్తాయి, నిలిచిన నీళ్ళు పైపొరని చీల్చుకుని లోపలికి పోతాయి, ఊట ఇంకా పెరుగుతుంది. ఇదంతా పైకి గడ్డి ఎంత పచ్చగా ఉన్నా కింద జరుగుతూనే ఉంటుంది, దశాబ్దాల తరబడి.

నీతిశాస్త్రం చదివేవాళ్ళకి డెరెక్ పార్‌ఫిట్ పేరు తెలిసే ఉంటుంది. 1984లో వచ్చిన 'రీజన్స్ అండ్ పర్సన్స్' అనే పుస్తకంలో ఆయన ఒక చిన్న ఉదాహరణ ఇస్తాడు. ఒకడు అడవిలో పొదల మధ్య గాజుపెంకులు పారేసి పోతాడు. నూరేళ్ళ తర్వాత ఒక పాప కాలికి ఆ పెంకు గుచ్చుకుంటుంది. పారేసిననాటికి ఆ పాప పుట్టనే లేదు. అంతమాత్రాన పారేసినవాడి తప్పు తగ్గుతుందా? తగ్గదు అంటాడాయన. కాలంలో దూరంగా ఉన్నవాళ్ళకి చేసిన హాని కూడా హానే. అరికాల్లో మూడు కుట్లున్నవాడిగా నాకు ఈ ఉదాహరణ మీద ప్రత్యేకమైన అభిమానం ఉంది. నాకు గుచ్చుకున్న సీసా ఎవరు పగలగొట్టారో, ఎప్పుడు పారేశారో, నేను పుట్టకముందేనేమో.

కాకపోతే ఆ ఉదాహరణలో ఒక మాట ఉంది, మొదటిసారి చదివినప్పుడు నేను గమనించలేదు. ఆ మనిషి గాజుముక్కల్ని జాగ్రత్తగా పాతిపెట్టి ఉంటే పాపకి దెబ్బ తగిలేది కాదంటాడు పార్‌ఫిట్. పాతిపెడితే పని అయిపోయినట్టే. గాజు విషయంలో అది నిజం. గాజు కుళ్ళదు, గ్యాస్ వదలదు, కుంగదు. ఊరి చెత్త అలా కాదు. దాన్ని పాతిపెట్టడంతో పని మొదలవుతుంది. నూరేళ్ళ తర్వాతి పాపకి దెబ్బ తగలకుండా ఉండాలంటే నేను ఇప్పుడొక మంచి పని చేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. మధ్యలో ఉన్న తరాలన్నీ తలా కొంత పని చేస్తూ రావాలి. నేను ఇంకా పుట్టనివాళ్ళకి హాని చెయ్యకుండా ఉండటానికి, ఇంకా పుట్టనివాళ్ళకే పని పురమాయించాల్సి వస్తోందన్నమాట. ఇది అనుమతి అడిగి చేసేది కాదు. యాభై వేలు రాశానని మా నాన్న చెప్పినట్టే.

మన దగ్గర దీనికి పాత మాటొకటుంది, బాకీ. మా వైపు పంపకాలు జరిగేటప్పుడు పెద్దమనుషులు పొలం, ఇల్లు, గొడ్డూగోదా లెక్కరాసి, వాటి కిందనే అప్పులూ రాసేవారు. ఆస్తి పంచుకున్నవాడు అప్పు పంచుకోను అంటే ఊరుకునేవారు కాదు. ధర్మశాస్త్రం ఇంకొంచెం ముందుకెళ్ళింది. తండ్రి అప్పు కొడుకు తీర్చడం పుణ్యం పాపం సంగతిగా చూసింది. అయితే అన్ని అప్పులూ కాదు. తాగుడుకి, జూదానికి చేసినవి, కట్టకుండా ఎగ్గొట్టిన జరిమానాలు కొడుకు నెత్తిన వెయ్యకూడదని యాజ్ఞవల్క్యస్మృతిలో ఉంది. వాటినే తర్వాత కోర్టులు 'అవ్యావహారిక ఋణాలు' అన్నాయి. స్వతంత్రం వచ్చాక కూడా చాలాకాలం ఈ ధర్మం మన కోర్టుల్లో నడిచింది. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, కేవలం ధర్మం అన్న కారణంతో తండ్రి అప్పుకి కొడుకు మీద దావా వెయ్యడం ఇక కుదరదని తేల్చేశారు.

మరి చెత్తదిబ్బ ఏ రకం బాకీ? శాన్‌ఫ్రాన్సిస్కో జనం 1970ల్లో పారేసిన సీసాలూ డబ్బాలూ మంచానపడ్డ బిడ్డ వైద్యానికి చేసిన అప్పులాంటివి కావు. అలాగని తాగుడు అప్పు అందామన్నా మనసొప్పదు. రోజూ వండుకుని తిన్న ఇంటి తుక్కే కదా చాలామటుకు. ఇంకో చిక్కేమిటంటే, నేను వాళ్ళ వారసుణ్ణి కూడా కాదు. పదేళ్ళ కిందట సూట్‌కేసుతో దిగినవాణ్ణి. వాళ్ళ చెత్తకి నాకేమిటి సంబంధం?

ఈ వాదన నాకు కొన్నాళ్ళు బాగా నచ్చింది. ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున అదే గుట్ట మీద మా అమ్మాయి చేత గాలిపటం ఎగరేయిస్తూ ఉండగా సిగ్గేసింది. గుట్ట ఎవరిది? గుట్ట మీద గాలి ఎవరిది? పంపకంలో పొలం తీసుకున్నవాడిలాగే నిలబడి ఉన్నాను నేను. రక్తసంబంధం లేకపోవచ్చు, అనుభవం ఉంది. పచ్చిక మీద కూర్చున్నవాడికి కిందున్న గొట్టంతో పనిలేదు అంటే, ఆస్తి నాది అప్పు మా అన్నది అన్నట్టే. మౌంటెన్ వ్యూ నగరం ఆ గ్యాస్ బావుల్ని ఈరోజుకీ చూసుకుంటోంది. నేను కట్టే పన్నులోంచి కాస్త అటూ పోతుందనుకుంటే కొంచెం నిమ్మళం. వడ్డీ కడుతున్నాం, అసలు అలాగే ఉంది.

మా ఉద్యోగాల్లో దీన్ని ఆన్-కాల్ అంటారు. పదేళ్ళ కిందట ఎవడో రాసి వెళ్ళిపోయిన ప్రోగ్రాము రాత్రి రెండింటికి పడిపోతే, ఈ వారం వంతు ఎవరిదైతే వాడు లేచి చూడాలి. రాసినవాణ్ణి తిట్టుకోవచ్చు, కానీ లేవాలి. నాకు ఆ ఏర్పాటులో ఉన్న న్యాయం కంటే అందులో ఉన్న పట్టిక ఎక్కువ నచ్చుతుంది. ఈ వారం ఎవరు అన్న ప్రశ్నకి ఒక పేరు ఉంటుంది. చెత్తదిబ్బ మీద కట్టిన పార్కు విషయంలో నా భయమంతా ఆ పేరు గురించే.

ఎందుకంటే మంచి పార్కు చేసే పనే మరిపించడం. ఆఫీసుని, ఇంటి వాయిదాని, మోకాలి నొప్పిని కాసేపు మర్చిపోవడానికే కదా అక్కడికి వెళ్ళేది. కింద ఉన్నదాన్ని కూడా మర్చిపోగలిగితేనే అది మంచి పార్కు అనిపించుకుంటుంది. ఆ కిందున్నదానికి మాత్రం మరుపు పనికిరాదు. ఎవరో ఒకరు గుర్తుంచుకుని నెలనెలా వచ్చి కొలవాలి. అంటే పార్కు ఎంత బాగా కుదిరితే ప్రమాదం అంత పెరుగుతుంది. గడ్డి బాగా పచ్చబడ్డాక, పదేళ్ళు ఏమీ జరక్కపోయాక, బడ్జెట్ మీటింగులో ఎవరో ఒకరు ఈ గొట్టాల పద్దు ఎందుకు అని అడుగుతారు. ఏమీ జరగకపోవడానికి ఆ పద్దే కారణమని అప్పుడు నిలబడి చెప్పేవాడెవడు?

అమెరికాలో 1991 నాటి కేంద్ర నిబంధనలు, దిబ్బ మూశాక 30 ఏళ్ళు దాన్ని కనిపెట్టుకుని ఉండాలంటాయి. మన 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు కనీసం 15 ఏళ్ళు అన్నాయి. ఆ 15 ఏళ్ళూ గమనించి, గ్యాస్, ఊట పరిమితుల్లో ఉన్నాయనీ నేల నిలకడగా ఉందనీ తేలాకే, ఆ చోటుని మనుషుల వాడకానికి ఆలోచించవచ్చని కూడా అందులో ఉండేది. 30 ఏళ్ళంటే ఇంటి అప్పు వాయిదాల గడువు. 15 ఏళ్ళంటే సరిగ్గా అందులో సగం. ఈ అంకెలు చెత్తని అడిగి పెట్టినవి కావు. మనుషులు ఎంతకాలం మాట మీద నిలబడగలరో అంచనా వేసి పెట్టినట్టు అనిపిస్తాయి నాకు.

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో నాన్‌జీదో అనే చోటుంది. ఒకప్పుడు పూలమొక్కలకి పేరుపడ్డ నదీద్వీపం. 1978 నుంచి 1993 దాకా ఆ మహానగరం చెత్తంతా అక్కడ పోస్తే రెండు కొండలయ్యాయి. 2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్ వేళకి వాటిని పార్కులుగా మార్చారు. దిబ్బల్లోంచి తీసిన గ్యాస్‌ని వేడి అందించడానికి వాడారు. రెండు కొండల్లో ఒకదాని మీద మొదట గోల్ఫ్ కోర్సు కట్టారు. చెత్త అందరిదీ అయినప్పుడు కొండ కొందరిదే ఎలా అవుతుందని జనం పట్టుబట్టారు, గొడవ కొన్నేళ్ళు నడిచింది, 2008లో గోల్ఫ్ కోర్సు పోయి అందరి పార్కు వచ్చింది. ఈ కథ నాకు చాలా ఇష్టం. బాకీలో వాటా ఉన్నవాళ్ళు ఆస్తిలో వాటా అడిగి తీసుకున్నారు.

కానీ ఆ కొండల మీద ఏరుకుని బతికినవాళ్ళ సంగతి? కొరియా నవలాకారుడు హ్వాంగ్ సోక్-యాంగ్ 2011లో వాళ్ళ మీద ఒక నవల రాశాడు, ఇంగ్లీషులో 'ఫెమీలియర్ థింగ్స్' పేరుతో వచ్చింది. తల్లితో కలిసి చెత్తద్వీపానికి బతకడానికి వచ్చిన కుర్రాడి కథ. నవలగా దాన్లో లోపాలు నాకు కనబడ్డాయి, దయ్యాల వ్యవహారం కొంచెం ఎక్కువైంది. అయినా చదువుతున్నంతసేపూ మా ఫీల్డరు గుర్తొచ్చాడు. అటెళ్ళొద్దు, కాలుద్ది. ఆ నేలకి సంబంధించిన మొదటి సర్వే చేసింది వాడు. నాన్నని అడిగితే అలాంటి కుర్రాడు ఉన్నట్టే తెలియదన్నాడు. పార్కు కట్టేటప్పుడు ఏరుకునేవాళ్ళని ఎక్కడికి పంపారంటే, "ఇంకో యార్డుకి పోయుంటారు" అన్నాడు. ఇంకో యార్డు ఉందన్నమాట. ఊరి చెత్త ఇప్పుడు అక్కడికి పోతోంది. అది ఎవరి ఇళ్ళ పక్కనో అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

అసలు కూడా తీర్చే దారి ఒకటుంది. బయోమైనింగ్ అంటారు. పాత దిబ్బని తవ్వి, ఆరబెట్టి, పెద్ద జల్లెడ డ్రమ్ముల్లో జల్లించి, మట్టి వేరు, రాయీ రప్పా వేరు, ప్లాస్టిక్కూ గుడ్డపీలికలూ వేరు చేస్తారు. మండే సరుకు సిమెంటు ఫ్యాక్టరీలకి పోతుంది. ఇండోర్ ఊరవతల దేవగురాడియాలో సుమారు 100 ఎకరాల దిబ్బని 2018లో ఇలాగే ఖాళీ చేశారు. 2021లో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశలో దేశంలోని పాత దిబ్బలన్నింటికీ ఇదే మందు రాశారు. దీనిమీద నాకు గౌరవం ఉంది, కప్పిపెట్టడం కంటే ఇది నిజాయితీ ఉన్న పని. జల్లించగా వచ్చిన మట్టి ఏ పల్లంలో పోస్తున్నారు, అందులో సీసం లాంటివి ఎంత ఉన్నాయి అని చూడకపోతే మాత్రం మన అప్పుని ఇంకొకరి ఖాతాలోకి మార్చినట్టే. కప్పినా బాధ్యత పోదనడానికి మన హైదరాబాద్ జవహర్‌నగర్ చాలు. దిబ్బని కప్పేశాక కూడా మల్కారం చెరువులో చేరిన ఊటనీటిని శుద్ధి చెయ్యడం విడిగా ఒక పెద్ద పని అయింది.

ఇవన్నీ ఒక ఆదివారం నాన్నకి చెప్పాను. నిబంధన చెప్పాను, 15 ఏళ్ళు అన్నాను, పేలుడు శాతాలు కూడా చెప్పాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, అంకెలు ఓపిగ్గానే విన్నాడు. విని, "పదిహేనేళ్ళు ఆగితే ఈ పిల్లలకి పెళ్ళిళ్ళయిపోతాయిరా" అన్నాడు.

నేను మాట్లాడలేదు.

"నువ్వు ఆడినప్పుడు అక్కడ పొగొచ్చేది. కాలు కోసుకుని వచ్చావు. అప్పుడు ఏ నిబంధన ఉంది? ఇప్పుడు కనీసం మట్టి ఉంది, గడ్డి ఉంది, లైట్లున్నాయి. సాయంత్రం ఆడపిల్లలు కూడా వచ్చి వాలీబాల్ ఆడుతున్నారు. ఈ ఊళ్ళో ఆడపిల్లలు గ్రౌండులో దిగడం నువ్వెప్పుడైనా చూశావా? నీకు అక్కడ పది పార్కులున్నాయి, ఇది కాకపోతే ఇంకోటి. వీళ్ళకి ఇదొక్కటే."

నిజానికి ఈ వాదనకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. సరిగ్గా చెయ్యనిదాన్ని అసలు చెయ్యొద్దు అనడం, సరిగ్గా చేసినవి చుట్టూ పది ఉన్నవాడికి సులువు. షోర్‌లైన్ కూడా మొదట సరిగ్గా చెయ్యలేదు, మంటలొచ్చాక సరిచేసుకున్నారు. మా ఊళ్ళో మంటలొస్తే సరిచేసేది ఎవరు అన్నదొక్కటే నా ప్రశ్న. ఆ ప్రశ్న కూడా నాన్నని అడగాల్సింది కాదని తెలుసు. కోశాధికారి ఏం చేస్తాడు?

అందుకని చిన్నది అడిగాను. పార్కు గేటు దగ్గర ఒక బోర్డు పెట్టించమన్నాను. ఇది ఫలానా ఏడు దాకా చెత్తదిబ్బ, ఇక్కడ నిప్పు రాజెయ్యకూడదు, గుంటలు తవ్వకూడదు, బోరు వెయ్యకూడదు, నేల కుంగితే ఫలానా నంబరుకి చెప్పండి అని. నాలుగు లైన్లు. ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. నాన్న అసోసియేషన్‌లో ఆ మాట ఎత్తితే ఒక్కరూ ఒప్పుకోలేదట. శుభమా అని పార్కు కట్టుకుంటే గేటుకి అశుభం రాయిస్తారా అన్నారట. చుట్టుపక్కల స్థలాల రేట్లు పడిపోతాయని ఇంకొకాయన బాధ. ఆయన స్థలం అక్కడే ఉంది. ఆ స్థలం కొనుక్కోబోయేవాడికి తెలియకపోతేనే రేటు ఉంటుంది. బోర్డు వద్దన్న వాళ్ళందరూ చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళంతా రోజూ పొద్దున్నే ఆ ట్రాక్ మీద నడిచేవాళ్ళే, మనవళ్ళని ఉయ్యాల ఊపేవాళ్ళే. వాళ్ళకి తెలుసు. తాము తెలుసుకుని ఇంకొకరికి చెప్పకపోవడంలో తప్పుందా అన్న ప్రశ్న వాళ్ళకి రాలేదు. మా నాన్న గుట్ట మీద నడుస్తూ గాలి బావుందన్నప్పుడు అది చెత్తకుప్ప అని నేను చెప్పానా? అప్పటికి నాకు తెలిసే ఉంది. మురిసిపోతున్న మనిషిని ఎందుకు పాడుచెయ్యాలని ఊరుకున్నాను.

యాభై వేలు పంపించాను. పంపకపోతే కోశాధికారి పరువు పోతుంది. ఓపెన్ జిమ్ వచ్చింది. ఫోటోలో పచ్చా పసుపూ రంగుల్లో బాగానే ఉంది, ఒకదాని మీద నా పేరు తప్పుగా రాశారు.

జులైలో వానలు పడ్డాక నాన్న మామూలుగా ఫోన్ చేశాడు. అవీ ఇవీ మాట్లాడి, వాలీబాల్ కోర్టు వెనకాల మూరెడు వెడల్పున నేల దిగిందన్నాడు. పిల్లలు కాలు పెట్టకుండా చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టి, కర్రకి ఎర్రగుడ్డ కట్టాడట. ఆ తర్వాత ట్రాక్ పక్కన ఇంకో రెండు చోట్ల అలాగే ఉంటే, తారీఖు వేసి, ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలు పెట్టి కొలిచి నోటుబుక్కులో రాస్తున్నాడు. వారానికోసారి. అసోసియేషన్‌లో ఎవరికీ చెప్పలేదు. "ఊరికే, తోచక" అన్నాడు.

పెట్టేసే ముందు అడిగాడు, "ఒరే, ఆ గ్యాస్ కొలిచే మిషన్ చేత్తో పట్టుకునేది అక్కడ దొరుకుతుందా? ఎంతుంటుంది?"